ఊ కొట్టేవాళ్ళ బొమ్మ

కిందటి దసరాకు, అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, ఆల్బుకర్కీలోని మా ఇంట్లో పెట్టిన బొమ్మల కొలువులో, కొండపల్లి అంబారీ ఏనుగుకూ తాటాకు పెళ్ళికొడుకు పెళ్ళికూతుళ్ళకూ మధ్య, ఈ ప్రాంతపు మట్టిబొమ్మ ఒకదాన్ని కూర్చోబెట్టాను. జానెడు ఎత్తు ఉన్న ఒక తాతగారు. కాళ్ళు ముందుకు చాపుకొని కూర్చున్నారు. తల కొద్దిగా పైకెత్తి, కళ్ళు మూసుకొని, నోరు గుండ్రంగా తెరిచి ఉన్నారు. ఆయన ఒళ్ళో, భుజాల మీద, మోకాళ్ళ మీద, వీపు మీద కలిపి పదకొండు మంది పిల్లలు ఉన్నారు. పేరంటానికి వచ్చిన ఒక పెద్దావిడ ఆ బొమ్మను చేతిలోకి తీసుకొని, "ఎవరమ్మా ఈయన?" అని అడిగారు. "ప్యూబ్లోవాళ్ళని, ఇక్కడి ఆదివాసులు చేసే బొమ్మ, పిన్నిగారూ. పిల్లలకు కథలు చెప్పే తాతగారు" అన్నాను. ఆవిడ కాసేపు చూసి, "అయితే వీళ్ళ సంగతీ మన సంగతే అన్నమాట. కథలు పోయాయి, బొమ్మలు మిగిలాయి" అని మెల్లగా మెట్టు మీద పెట్టేశారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. అందులో వెటకారం ఏమీ లేదు, మన ఊళ్ళను తలచుకొని పడ్డ బాధ ఉంది. ఈ బొమ్మ గురించి ఇక్కడ వినిపించే మాటలు కూడా దాదాపు అలాగే ఉంటాయి. పోయిన సంప్రదాయానికి ఇది జ్ఞాపకచిహ్నం అని కొందరంటారు. ఈ బొమ్మ ఉన్నందువల్లే ఆ సంప్రదాయం బతికి ఉందని దుకాణాలవాళ్ళు అంటారు. రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి గాని, బొమ్మను చూసేటప్పుడు రెండింటి చూపూ తాతగారి దగ్గరే ఆగిపోతుంది. పేరు కూడా ఆయనదే పెట్టారు, స్టోరీటెల్లర్ అని. నేను ఈ బొమ్మను ఏళ్ళ తరబడి చూసీ చూసీ చివరకు నమ్మినదేమిటంటే, ఇది కథ వినేవాళ్ళ బొమ్మ. నోటి కథకు ప్రాణం ఎక్కడుంటుందో ఆ పిల్లలు చెబుతున్నారు. కథలు పోయాయా, ఉన్నాయా అని తేల్చుకోవాలంటే తాతగారిని కాక వాళ్ళను లెక్కపెట్టాలి.

ఐదుగురు పిల్లలు

కోచిటి అనే ఊరు రాష్ట్ర రాజధాని శాంటా ఫేకు నైరుతి దిక్కున, రియో గ్రాండే నది ఒడ్డున ఉంది. ప్యూబ్లో అంటే స్పానిష్‌లో ఊరు. న్యూ మెక్సికోలో ఇప్పుడున్న 19 ప్యూబ్లోలలో కోచిటి ఒకటి, అక్కడి భాష కెరెస్. ఆ ఊళ్ళో 1915లో పుట్టిన హెలెన్ కొర్డేరో నడివయసు దాకా తోలు పని, పూసల పని చేసుకొనేవారు. వచ్చినదంతా సరుకు కొనడానికే సరిపోతుంటే, భర్త తరఫు ముసలావిడ ఒకరు, మట్టిపని పట్టుకో, దానికి ఏమీ కొనక్కర్లేదు, కావలసినవన్నీ భూమాతే ఇస్తుంది అని చెప్పారట. ముందు కుండలు, గిన్నెలు చేశారు. అవి ఎంత చేసినా వంకరపోయేవి. బొమ్మల మీదకు మళ్ళిన తరువాతే ఆమె చేతికి మట్టి లొంగింది.

మట్టిబొమ్మలు కోచిటికి కొత్త కాదు. 1880లో శాంటా ఫేకు రైలు వచ్చిన తరువాత, తమ ఊళ్ళోకి దిగబడిన కౌబాయ్‌లను, పాదరీలను, సర్కస్‌వాళ్ళను చూసి అచ్చం అలాగే మట్టితో చేసి మళ్ళీ వాళ్ళకే అమ్మిన ఘనులు కోచిటి కుమ్మరులు. ఇరవయ్యో శతాబ్దం నడుమకు వచ్చేసరికి ఆ పని చాలావరకు సన్నగిల్లి, "పాడే తల్లి" అనే బొమ్మ ఒకటి మిగిలింది. ఒక తల్లి, ఒళ్ళో ఒక బిడ్డ. హెలెన్ మొదట చేసినవీ అలాంటివే. అలెగ్జాండర్ జిరార్డ్ అనే డిజైనర్, జానపద కళావస్తువులను పిచ్చిగా సేకరించిన మనిషి, ఒక ఊరి పండుగలో ఆమె బొమ్మలను చూశారు. ఉన్నవన్నీ కొని, ఇంకా చేయమని ప్రోత్సహించి, పిల్లలతో కూర్చున్న పెద్ద బొమ్మ చేయగలరా అని అడిగారు. ఆ మాట ఆలోచిస్తుంటే ఆమె కళ్ళ ముందు తాతగారు సాంటియాగో క్వింటానా కనిపిస్తూ ఉన్నారట. ఆయన కథలు చెప్పడంలో దిట్ట అనీ, ఆయన చుట్టూ ఎప్పుడూ ఎంతోమంది మనవలం ఉండేవాళ్ళమనీ ఆమె తరువాత చెప్పారు. 1964లో చేసిన ఆ మొదటి బొమ్మ మీద ఐదుగురు పిల్లలు ఉన్నారు.

ఈ సంగతి చెప్పేవాళ్ళందరూ, తల్లి ఉన్నచోట తాతను పెట్టడమే ఆమె చేసిన కొత్త పని అంటారు. అది కొత్తే, సందేహం లేదు. నాకు అంతకంటే ఆ ఐదు అనే సంఖ్య ముఖ్యంగా కనిపిస్తుంది. ఒళ్ళో ఒక బిడ్డ ఉంటే అది తల్లీబిడ్డల ప్రేమ, లోకంలో ఏ మట్టితోనైనా చేయవచ్చు. ఐదుగురు పిల్లలు ఎక్కి కూర్చుంటే ఆ శరీరం అరుగు అవుతుంది. ఆమె అక్కడ ఆగలేదు, ఒక్క బొమ్మ మీద ముప్పై మంది దాకా పిల్లలను ఎక్కించారు. తాతగారు మాత్రం ఒక్కరే.

ఆ పిల్లలు ఊరికే రారు. కొండల్లో తవ్వి తెచ్చిన మట్టిని నానబెట్టి, రాళ్ళు ఏరి, ఇసుక కలిపి పదును చేస్తారు. పెద్ద బొమ్మ లోపల గుల్లగా ఉండాలి, లేకపోతే కాల్పులో పగిలిపోతుంది. పిల్లలను విడివిడిగా చేసి, తడి మట్టితో ఒక్కొక్కరినీ అతికిస్తారు. అతుకులో గాలి చిక్కినా, రెండు మట్టిముద్దలు సమానంగా ఆరకపోయినా, నిప్పులో పెట్టాక ఆ బిడ్డ ఊడిపోతుంది. ఆ పైన తెల్లమట్టి పూత పలుమార్లు పూసి, రుద్ది నునుపు చేస్తారు. ఎరుపు ఎర్రమట్టి నుంచి వస్తుంది. నలుపు కోసం ఒక అడవి మొక్కను గంటల తరబడి ఉడికించి, చిక్కబరిచి, గట్టిపడిన ముద్దను నిలవ చేసుకుంటారు. ఇక్కడ గ్వాకో అని పిలిచే ఆ మొక్క మన వామింట కుటుంబానిదే అని తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. చివరికి ఆరుబయట ఇక్కడ సీడర్ అని పిలిచే చెట్టు కట్టెలు, పిడకలు పేర్చి కాలుస్తారు. పిల్లల సంఖ్య పెరిగిన కొద్దీ అతుకులు పెరుగుతాయి, అతుకులు పెరిగిన కొద్దీ పగులు భయం పెరుగుతుంది. కథ చెప్పే మనిషిని చూపించడమే ఉద్దేశం అయితే ఆ సాహసం చేయవలసిన పని లేదు. ఒక తాత, తెరిచిన నోరు చాలు.

మా ఇంట్లో ఉన్న బొమ్మను చేసినది వేరొక ప్యూబ్లో ఆవిడ. శాంటా ఫే నడిబొడ్డున 1610 నాటి స్పానిష్ గవర్నర్ల భవనం ఉంది. 1680లో ప్యూబ్లోలన్నీ కలిసి తిరగబడి స్పానిష్‌వాళ్ళను వెళ్ళగొట్టినప్పుడు పన్నెండేళ్ళ పాటు ప్యూబ్లోవాళ్ళు కాపురమున్న భవనం అదే. ఇప్పుడు దాని వసారాలో గోడ వారగా దుప్పట్లు పరుచుకొని, తాము చేసినవి, తమ ఇంటివాళ్ళు చేసినవి మాత్రమే అమ్ముకొనే ఏర్పాటు ఉంది. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. ఆ బొమ్మ ముందు గొంతుకూర్చొని, "ఈ తాత ఏం కథ చెబుతున్నాడు?" అని అడిగింది. బేరం మధ్యలో ఈ ప్రశ్న ఏమిటని నేను లేవదీయబోయాను. ఆవిడ మాత్రం దానికేసి తీరికగా చూసి, "మీ తాతగారు నీకు కథలు చెబుతారా?" అని ఎదురడిగారు. "ఆదివారాలు చెబుతారు, ఫోన్లో" అంది మా అమ్మాయి. "అయితే అదే కథ" అన్నారు ఆవిడ.

మొదట అది పిల్లలను మురిపించే మాట అనుకున్నాను. ఇంటికి వచ్చి బొమ్మను దగ్గరగా చూశాక అలా అనిపించలేదు. ఆ పదకొండు మందిలో ఒకడు తాతగారి మోచేతి కింద నిద్రపోతున్నాడు. ఒకతె ఆయన జుట్టు ముడి పట్టుకొని చెవిలోకి వంగింది. ఒకడి ఒళ్ళో కుక్కపిల్ల ఉంది, వాడి ధ్యాస కుక్క మీదే. భుజం మీది చిన్నవాడు మాత్రం తాతగారిలాగే నోరు గుండ్రంగా తెరిచి ఉన్నాడు. ఆ కథ వాడికి ముందే వచ్చు, తాతతో పాటు తానూ అంటున్నాడు. అన్నిటికంటే ఎక్కువసేపు నేను చూసినది వాడినే.

ఈ... సో

ప్యూబ్లోలలో పెద్దది జూనీ. అక్కడ కథ ఎలా మొదలవుతుందో డెనిస్ టెడ్లాక్ అనే పరిశోధకుడు 1960లలో అక్కడి పెద్దల దగ్గర కూర్చొని విని, రికార్డు చేసి, వివరంగా రాశారు. కథ చెప్పే ఆయన "సోనహ్చి" అని సాగదీసి అంటారు. వినేవాళ్ళు "ఈ... సో" అనాలి. ఆయన చాలాకాలం కిందట అనే అర్థం వచ్చే మరో మాట అంటారు. వినేవాళ్ళు మళ్ళీ "ఈ... సో" అనాలి. అప్పుడుగాని కథలోకి వెళ్ళరు. జూనీ భాషలో "ఈ" అంటే అవును.

ఇది చదివినప్పుడు నాకు వింతగా తోచలేదు, ఇంట్లో మాటలా తోచింది. మా అమ్మమ్మ అనగనగా ఒక రాజు అని ఆగేది. ఊ అనాలి. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు. ఊ. ఏడుగురు కొడుకులూ వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చారు. ఊ. మధ్యలో ఊ తప్పిపోతే అమ్మమ్మ కథ ఆపేసి, "నిద్రపోయారా?" అని అడిగేది. మేము ఊ కొట్టడం అంటే కథ ముందుకు సాగడానికి ఇచ్చే అనుమతి అని అప్పుడు తెలియదు. తెలుగు, జూనీ భాషలకు ఏ చుట్టరికమూ లేదు, ఈ రెండు అలవాట్లకూ ఉందని నేననడం లేదు. నోటితో చెప్పే కథ ఎక్కడైనా ఇద్దరు పట్టుకొని మోయవలసిన బరువు అని మాత్రం అంటున్నాను.

ఈ సంగతి నాకు అర్థమైనది చాలా ఆలస్యంగా, కోలుకోలేని విధంగా. అమ్మమ్మ చివరి వేసవిలో నేను సెలవు మీద వెళ్ళి, ఆవిడ కథలన్నీ ఫోనులో రికార్డు చేశాను. పదకొండు ఫైళ్ళు. ఆవిడ పోయిన ఏడాదికి గాని వినడానికి ధైర్యం చాలలేదు. విన్నాను. నాలుగో ఫైలులో, ఏడో చేప ఎండకపోవడం దగ్గర, అమ్మమ్మ ఆగింది. శబ్దం లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం ఉంది. ఊ అంటే నా గొంతు రికార్డులో పడి కథ పాడవుతుందని నేను నోరు మూసుకొని కూర్చున్నాను. నాకు ఆ కూర్చోవడం కూడా గుర్తుంది, ఫోను తెరమీద సెకన్లు కదులుతున్నాయో లేదో చూస్తున్నాను. ఆ మౌనం తరువాత అమ్మమ్మ గొంతు, "వింటున్నావటే?" అని అడిగింది. నేను తల ఊపి ఉంటాను. తల ఊపడం రికార్డులో వినబడదు. ఆ పైన కథ గబగబా రెండు ముక్కల్లో అయిపోయింది. పదకొండు ఫైళ్ళలో ఏ కథా చిన్నప్పుడు ఉన్నంత పొడవు లేదు.

కథను భద్రపరచాలనే తొందరలో, కథకు కావలసిన మనిషిని నేనే అక్కడి నుంచి తీసేశాను.

ఇది నా ఇంటి సంగతి, దీన్ని పట్టుకొని ఒక జాతి చరిత్రకు అర్థం చెప్పడం ఎంతవరకు సబబు అని నాకే అనిపిస్తుంది. అందుకే మరో సంగతి చెబుతాను. జూనీలో ఆ కల్పిత కథలను చలికాలంలోనే, రాత్రి పూటే చెప్పాలి. పాములు తిరిగే కాలంలో చెబితే పాము కరుస్తుందంటారు. కథలకు చలికాలమే కాలం అనే కట్టుబాటు ఇంకా అనేక ప్యూబ్లోలలో ఉంది. పొలం పనులు ఉండవు, రాత్రులు పొడవు, పొయ్యి దగ్గర అందరూ చేరతారు. ఇప్పుడు ఆ ఇళ్ళ పిల్లలను చదువు పేరుతో ఊరు దాటించి హాస్టలు బడుల్లో పెట్టిన సంగతి తలచుకోండి. ఆల్బుకర్కీలో 1881లో, శాంటా ఫేలో 1890లో అలాంటి బడులు తెరిచారు. ఆ బడులలో సొంత భాష మాట్లాడనిచ్చేవారు కాదు. బడి నడిచేది చలికాలంలో, కథలు చెప్పేదీ చలికాలంలోనే. పిల్లలు వేసవిలో ఇంటికి వచ్చేసరికి పాములు లేచి ఉంటాయి. తాతలు ఊళ్ళోనే ఉన్నారు, కథలు వాళ్ళ నోటిలోనే ఉన్నాయి, వాటిని ఎవరూ నిషేధించనక్కర్లేకపోయింది. వినేవాళ్ళను తీసుకుపోతే సరిపోయింది.

ఒక మనిషి ఒంటి నిండా పిల్లలను అతికించిన ఆ బొమ్మను ఈ చరిత్ర తెలిసి చూస్తే ఆ పిల్లలు అందానికి పెట్టినట్టు కనిపించరు.

నా మాటకు అడ్డుపడేవి

నా వాదానికి మొదటి అడ్డంకి తాతగారి కళ్ళే. వినేవాళ్ళే ముఖ్యులైతే ఆయన వాళ్ళ వైపు చూడాలి కదా? ఆయన కళ్ళు మూసుకున్నారు. హెలెన్‌ను అడిగితే, ఆయన ఆలోచిస్తున్నారనీ, నోరు తెరిచి ఉన్నది పాడుతున్నందుకనీ చెప్పారు. ఆమె మాటను పక్కకు నెట్టి నా అర్థం నేను చెప్పుకోలేను. చాలాకాలం దీనికి సమాధానం దొరకలేదు. ఒక రోజు మా అమ్మాయి నా వీపు మీదకు ఎక్కి మెడ పట్టుకొని కూర్చున్నప్పుడు, అది నవ్వుతోందో, ఆవలిస్తోందో నాకు చూడకుండానే తెలిసింది. పదిమంది పిల్లలు ఒంటి మీద ఉన్న మనిషికి కళ్ళతో పని ఉండదు. ఎవరు కదిలారో, ఎవరు నిద్రకు వాలారో, ఎవరు ఊపిరి బిగబట్టారో బరువే చెబుతుంది. అయినా ఇది నా ఊహ అని ఒప్పుకోవాలి. హెలెన్ 1970లలో "పిల్లల వేళ" అనే మరో రకం చేశారు, అందులో పిల్లలు తాతగారిని అంటుకొని ఉండరు, విడివిడిగా చుట్టూ కూర్చుంటారు. అక్కడ నా బరువు వాదం చెల్లదు. కానీ అక్కడ కూడా ఆమె పిల్లలను వదులుకోలేదు.

రెండో అడ్డంకి సంత. ఈ బొమ్మ ఊరి అవసరం కోసం పుట్టలేదు, బయటి సేకర్త అడిగితే పుట్టింది. హెలెన్ పేరు వచ్చాక ఇతరులూ చేయడం మొదలుపెట్టారు. 1980ల నడుమకే వివిధ ప్యూబ్లోలలో 200 మందికి పైగా ఈ బొమ్మలు చేస్తున్నారు. అచ్చుల్లో పోసిన బొమ్మలు కొని రంగులు వేసి అమ్మేవాళ్ళు ఉన్నారు. దేశం దాటి వచ్చిన నకళ్ళూ ఉన్నాయి. తెగలకు చెందనివాళ్ళు చేసినదాన్ని తెగల పేరుతో అమ్మడాన్ని నేరంగా చూసే చట్టం 1990లో వచ్చింది, అయినా ఆగలేదు. ఇవన్నీ నిజమే. అయితే సంతకు పుట్టినంత మాత్రాన వస్తువు అబద్ధం అవుతుందని నేననుకోను. బయటివాడి డబ్బుకు ఆమె ఇచ్చినది ఏమిటో చూడండి. తాతను ఇచ్చారు, పిల్లలను ఇచ్చారు, తెరిచిన నోటిని ఇచ్చారు. ఒక్క కథ కూడా ఇవ్వలేదు. మా కొలువులో కూర్చున్న తాతగారు ఏం చెబుతున్నారో నాకు ఎప్పటికీ తెలియదు. తెలియవలసిన పని లేదు కూడా.

మూడోది అన్నిటికంటే గట్టిది. సాంటియాగో క్వింటానా తానే స్వయంగా బయటివాళ్ళకు కథలు చెప్పారు. బాండెలియర్, కర్టిస్, ఆ తరువాత 1920లలో రూత్ బెనెడిక్ట్, తరతరాల పరిశోధకులకు ఆయన మిత్రుడు. బెనెడిక్ట్ సేకరించిన కోచిటి కథలు 1931లో పుస్తకంగా అచ్చయ్యాయి. తాతగారే కథలను రాతలో పెట్టనిచ్చినప్పుడు, వినేవాళ్ళు లేనిదే కథ లేదని నేనెవరిని అనడానికి? ఆ పుస్తకం తెచ్చుకొని చదివాను. ఇంగ్లీషులో, చాలావరకు క్లుప్తంగా, కయోటీ అనే నక్కలాంటి జిత్తులమారి జంతువు కథలు, కవల దేవుళ్ళ కథలు. అవి విలువలేనివని అనలేను. ఏ ఇంట్లోనైనా కథ మరిచిపోయిన తరం వస్తే, మళ్ళీ పట్టుకోవడానికి అదొక కొస. కానీ చదువుతున్నంతసేపూ నా ఫోనులోని నాలుగో ఫైలు గుర్తుకు వచ్చింది. ఎవరో ఆగారు, ఎవరో తల ఊపారు, మళ్ళీ గబగబా ముగించారు. క్వింటానా మనవరాలు తాతను తలచుకొన్నప్పుడు ఆయన పక్కన కాగితం పట్టుకొని కూర్చున్నవాళ్ళను చేయలేదు, మనవలను చేశారు.

ఇంకొకటి ఉంది. ఈ బొమ్మలను ఇతరులు తమకు తోచినట్టు మార్చడం హెలెన్‌కు నచ్చలేదు. అది తన తాతగారి రూపమని తెలియకుండా చేస్తున్నారనీ, తమ ఇళ్ళలో కథలు చెప్పేది మగవాళ్ళేననీ ఆమె అన్నారు. అయినా అమ్మమ్మలు వచ్చారు. ఎలుగుబంట్లు, గుడ్లగూబలు, కప్పలు వచ్చాయి. బార్బరా బాబ్‌కాక్ అనే మానవశాస్త్రవేత్త ఏళ్ళపాటు హెలెన్‌తో మాట్లాడి ఇదంతా రాసిపెట్టారు. ఆమె బాధ నాకు అర్థమవుతుంది, సొంత తాతగారి ముఖం ఊరందరి అచ్చు అయిపోతే ఎవరికి మాత్రం నొప్పి ఉండదు? కానీ ఈ మార్పులలో ఏది మారలేదో చూడండి. చెప్పేవాడు ఆడమనిషి అయ్యాడు, ఎలుగు అయ్యాడు, కప్ప అయ్యాడు. మీద ఎక్కిన పిల్లలు మాత్రం పోలేదు. ఎలుగు మీద ఎలుగుపిల్లలు, గుడ్లగూబ మీద గుడ్లగూబ పిల్లలు. ఆ పిల్లలను తీసేస్తే ఆ బొమ్మను ఎవరూ ఆ పేరుతో పిలవరు. వందల మంది కుమ్మరుల చేతులు, ఎవరూ చెప్పకుండానే, నేను ఇంతసేపూ చెప్పడానికి తంటాలు పడుతున్నదాన్ని ఒప్పుకున్నాయి.

కెమెరాలు లేని ఊరు

జూలై 14న కోచిటిలో ఊరి పండుగ. ఆ రోజు జొన్నకంకి నృత్యం చూడడానికి బయటివాళ్ళనూ రానిస్తారు. ఇక్కడి జొన్న అంటే మొక్కజొన్న. ఊరి మొదట్లోనే బోర్డు ఉంటుంది, ఫొటోలు తీయకూడదు, బొమ్మలు గీయకూడదు, రికార్డు చేయకూడదు. ఫోను కారులో పెట్టి వెళ్ళాము. ఊళ్ళో రెండు పక్షాలవాళ్ళు, టర్కాయిస్ అనే నీలి రాయి పేరుతో ఒకటి, గుమ్మడి పేరుతో ఒకటి, వంతులవారీగా ఆడతారు. కోచిటి డోళ్ళకు పేరు పడ్డ ఊరు, హెలెన్ భర్త కూడా డోళ్ళు చేసినవారే. ఎండలో, దుమ్ములో, ఆ డోలు దెబ్బ అరికాళ్ళ నుంచి పైకి వస్తుంది. వరుస చివర నాలుగేళ్ళు ఉంటాయేమో, ఒక పిల్లవాడు, ముందున్నవాళ్ళ మడమలు చూస్తూ అడుగు వేస్తున్నాడు. ఒకసారి తప్పాడు. పక్కన ఉన్న పెద్దాయన ఆగలేదు, వాడి వైపు తిరగలేదు, తన అడుగు మాత్రం కాస్త గట్టిగా వేశాడు. వాడు అందుకున్నాడు. చేతిలో ఫోను ఉంటే నేను ఆ క్షణాన్ని చూసేదాన్ని కాను.

కోచిటివాళ్ళు తమ భాషను రాతలో పెట్టకూడదని నిర్ణయించుకున్నారు. అక్షరమే భాష అని నమ్మే ఇంట్లో, పలకకు పసుపు రాసి ఓనమాలు దిద్దించే ఇంట్లో పుట్టిన నాకు ఇది మింగుడు పడలేదు. ఉన్నది ఒక చిన్న ఊరు, పిల్లలు ఇంగ్లీషులోకి జారిపోతున్నారు, ఇలాంటి సమయంలో రాసుకోకపోతే ఎలా అని వాదించాను, అదీ ఎవరితోనో కాదు, నాతో నేనే. వాళ్ళు చేసినది ఏమిటంటే, పెద్దలను, పిల్లలను ఒక చోట చేర్చారు. 1990లలో వేసవి కార్యక్రమాలతో మొదలుపెట్టి, 2012లో మాంటిస్సోరి పద్ధతిలో పసిపిల్లల బడి తెరిచారు. అక్కడ రోజంతా కెరెస్‌లోనే మాట్లాడతారు. పుస్తకం లేదు, అక్షరమాల లేదు. మాట్లాడే పెద్దవాళ్ళు, చుట్టూ పిల్లలు ఉంటారు. ఆ బడి గురించి మొదటిసారి చదివినప్పుడు నా కళ్ళకు కట్టిన దృశ్యం మా కొలువులోని బొమ్మే.

ఇది గెలుస్తుందని నేను జోస్యం చెప్పలేను. వినే చోటు కూడా మిగలాలి. హెలెన్ మొదటి బొమ్మ చేసిన మరుసటి ఏడాది, 1965లో, కోచిటి ఎగువన ప్రభుత్వం ఆనకట్ట మొదలుపెట్టింది. 1975కు పూర్తయిన ఆ మట్టికట్ట పొడవు ఐదు మైళ్ళకు పైనే. పవిత్ర స్థలాలు పోయాయి. ఆ పైన ఊట నీరు కట్ట కిందుగా చేరి, దిగువ పొలాలు చాలా ఏళ్ళు సేద్యానికి పనికిరాకుండా పోయాయి. పొలం పోతే పంట పోతుందని అందరికీ తెలుసు. తాతతో పాటు కాలవ గట్టు మీద నడిచే మనవడి నడక కూడా పోతుంది. ఆ దారిలో చెప్పే మాటలు చలికాలపు కథలు కావు, కానీ భాష ఒంటబట్టేది అక్కడే. కట్ట పని నడిచిన ఆ పదేళ్ళూ హెలెన్ ఇంట్లో కూర్చొని, తాతగారి మీదకు ఇంకొక బిడ్డను, ఇంకొక బిడ్డను ఎక్కిస్తూ ఉన్నారు. రెండింటికీ సంబంధం ఉందని ఆమె ఎక్కడైనా అన్నట్టు నేను చదవలేదు. నేను మాత్రం ఆ రెండు తేదీలను విడదీసి చూడలేకపోతున్నాను.

పేరంటానికి వచ్చిన పిన్నిగారికి ఆ రోజు సమాధానం చెప్పలేదు. ఈసారి వస్తే, భుజం మీద నోరు తెరిచిన ఆ చిన్నవాడిని చూపించి, వీడు ఉన్నాడు కదా పిన్నిగారూ, అని అనాలని ఉంది.

మా అమ్మాయికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. ఆదివారం పొద్దున ఇక్కడ ఎనిమిదిన్నర, కాకినాడలో రాత్రి ఎనిమిది. మా నాన్నగారు వీడియోలో కథ చెబుతారు. నెట్టు నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఇక్కడి ఊ అక్కడికి చేరడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. మొదట్లో ఆయన కంగారుపడి, "వినబడుతోందామ్మా?" అని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకొనేవారు. ఇప్పుడు అలా చేయడం లేదు. వాక్యం చెప్పి, కళ్ళజోడు సర్దుకొని, ఊరుకుంటారు. ఇది ఇక్కడ ఊ అంటుంది. తెరమీద ఆయన ముఖం కాసేపు అలాగే కదలకుండా ఉంటుంది. ఆ పైన ఊ ఆయనకు అందినట్టు నాకు తెలుస్తుంది, ఎందుకంటే అప్పుడు ఏడో చేప కదులుతుంది.